మేడంగారు చెయ్యి దించేదాకా

ఆ రోజుల్లో మా అమలాపురం చుట్టుపక్కల సంగీతం నేర్చుకునే పిల్లలు రెండు రకాలుగా ఉండేవారు. ఇంట్లోవాళ్ళు పట్టుబడితే నేర్చుకున్నవాళ్ళు ఒక రకం, ఇంట్లో అదే వృత్తి కనక తప్పించుకోలేనివాళ్ళు రెండో రకం. నేను మొదటి రకం. మృదంగం. మా నాన్నగారికి చిన్నప్పుడు నేర్చుకోవాలని ఉండి కుదరలేదట. ఆ కోరికని నా వేళ్ళతో తీర్చుకున్నారు. (ఆయనకి ఈత కూడా రాదు. ఆ సంగతి గుర్తు రాకుండా నేను చాలా జాగ్రత్తపడ్డాను.) రెండో రకంలో మొదట చెప్పుకోవలసినవాడు మా డోలుగాడు. ముమ్మిడివరం వైపు వాడు. వాళ్ళ నాన్న పెళ్ళిళ్ళలో సన్నాయి వాయించేవాడు, వీడు పక్కన డోలు కొట్టేవాడు. పదహారేళ్ళకే కోనసీమలో సగం సంసారాలు వాడి చేతిమీదుగా మొదలయ్యాయి. వాడు డోలు మీద చెయ్యి వేస్తే నా మృదంగం సిగ్గుపడి గోడవైపు తిరిగినట్టుండేది.

తొంభైల చివర్లో మా ఇద్దర్నీ ఒకే వేదిక ఎక్కించిన ఘనత కొబ్బరి బాబాయిగారిది. కొబ్బరి వ్యాపారం చేసేవారు, మా ఊరి కళాసంఘానికి అధ్యక్షులు. ఏదో పనిమీద హైదరాబాదు వెళ్ళి, అక్కడ నార్వే నుంచి వచ్చిన పిల్లల వాద్యబృందం కచేరీ విని, బయటికొస్తూ ఆ బృందాన్ని నడిపించే మేడంగారితో "ఒకసారి మా ఊరు రావాలండి" అన్నారు. మా వైపు బస్సులో పక్క సీటాయనతో కూడా అలాగే అంటాం. ఎవరూ రారు. వాళ్ళు వచ్చేశారు.

వచ్చినవాళ్ళకి పోటీగా మా వైపు పిల్లల్ని పోగుచేశారు. కొత్తపేట నుంచి వయొలిన్ అమ్మాయి, నేను, డోలుగాడు. రెండు జట్లూ కలిపి ఒకే బృందం అన్నారు. బాబాయిగారి కొబ్బరి గోదాములో సాధన. మేడంగారు నిలువెత్తు మనిషి. చేతిలో పెన్సిలు పట్టుకుని, దాన్ని పైకెత్తితే గట్టిగా, కిందికి దించితే మెల్లిగా వాయించాలి. వాళ్ళ పాటొకటి ఉండేది. మంచు మీద నక్క ఒంటరిగా నడిచి వెళ్తుందట, అడుగుల చప్పుడు కూడా వినిపించదట. దాన్ని చెల్లో అని మనిషంత వాయిద్యం మీద ఒక బంగారు జుట్టు కుర్రాడు వాయించేవాడు. మంచూ నక్కా పూర్తయ్యాక, చివర్లో డోలు ఒక్కటే మోగాలని మేడంగారు డోలుగాడికి సొంతంగా వాయించే అవకాశం ఇచ్చారు. నాకు మధ్యలో ఒకచోట ఊరుకునే అవకాశం ఇచ్చారు. దాన్ని బాగా సాధన చేశాను.

ఒక సాయంత్రం గోదాము బయట కొబ్బరి డొక్కల మీద కూర్చుని అడిగాను.

"మీ నాన్న ఎలా ఒప్పుకున్నాడురా, మాఘమాసంలో?"

"ఒక్కదానికే ఒప్పుకున్నాడు. ముహూర్తాలు వదులుకుని ఈ ఆటలేంటంటాడు. ఆ రోజు వచ్చి చూత్తాడంట. బాగుంటే ఇలాంటివాటికి పంపిత్తాడు. నవ్వులపాలైతే మళ్ళీ ఎత్తకూడదంట ఈ మాట."

"పెళ్ళిళ్ళకేం తక్కువరా. బూరెలు, పులిహోర."

"నీకు తెలీదు. పెళ్ళిలో మమ్మల్ని ఎవరూ వినరు. డోలు ఆగితే మాత్రం వింటారు, ఏమైందని."

నా దగ్గర ఇంకో బూరెల జోకు సిద్ధంగా ఉంది. మింగేశాను.

ఊళ్ళో అంతమంది పట్టే హాలు కల్యాణమండపం ఒక్కటే. ముందురోజు అక్కడ ఎవరిదో పెళ్ళైంది. "అలంకారం బాగానే ఉంది కదండీ, తీయించడం దేనికి" అన్నారు బాబాయిగారు. దాంతో అరటిపిలకల మధ్య, బంతిపూల తోరణాల కింద, పెళ్ళికూతురి పేరు సగం ఊడిన థర్మోకోల్ ముందు నార్వే బృందం కూర్చుంది. గుమ్మంలో వచ్చినవాళ్ళందరి చేతుల్లోనూ గుప్పెడు పూలరేకులు పోశారు, అతిథులు నడిచొస్తుంటే చల్లమని. అతిథులు పక్క తలుపులోంచి వచ్చేశారు. రేకులు గుప్పిళ్ళలోనే ఉండిపోయాయి. బాబాయిగారు మేడంగారికి బొట్టు పెట్టించి, దండ వేసి, జరీ శాలువా కప్పారు. ఆ కప్పడంలో పెన్సిలు ఎక్కడో జారిపోయింది. డోలుగాడు ఆలమూరులో తెల్లవారుజాము ముహూర్తం చూసుకుని, కునుకు కూడా లేకుండా వచ్చి కూర్చున్నాడు. వాళ్ళ నాన్న సన్నాయి సంచి చంకలో పెట్టుకుని వెనక వరసలో నుంచున్నాడు, కుర్చీలో కూర్చుంటే ఒప్పుకున్నట్టవుతుందన్నట్టు.

నక్క బయల్దేరింది. చెల్లో మెల్లిగా, ఇంకా మెల్లిగా. ఫ్యాన్ల చప్పుడే ఎక్కువ వినిపిస్తోంది. సరిగ్గా అప్పుడు బంతిపూల పుప్పొడి పడక చెల్లో కుర్రాడు తుమ్మాడు. మేడంగారు, ఏం ఫరవాలేదు, ఇంకా మెల్లిగా కానివ్వండి అన్నట్టు చూపుడువేలు పైకెత్తి చిన్నగా ఊపారు.

ఇక్కడ డోలుగాడి పక్షాన కొంచెం ఆలోచించాలి. ఎదురుగా అరటిపిలకలు. మధ్యలో శాలువా కప్పుకుని, బొట్టు పెట్టుకున్న పెద్దమనిషి. ఎవరో తుమ్మారు. పెద్దమనిషి వేలెత్తి ఊపారు. పెళ్ళిలో పురోహితుడు అలా వేలెత్తితే గట్టిమేళం. మాంగల్యం వేళైనా అంతే, తుమ్ము వినపడకూడదన్నా అంతే. అందులో ఆలోచించుకోడానికి ఏమీ ఉండదు. వాడి తాతలు ఆలోచించలేదు, వాడూ ఆలోచించలేదు.

మంచు, నక్క, నార్వే అన్నీ ఒక్క దెబ్బకి కొట్టుకుపోయాయి.

గట్టిమేళం వినపడగానే హాలంతా లేచి నుంచుంది. గుప్పిళ్ళు విడిపోయాయి. పూలరేకులన్నీ వేదిక మధ్యలో ఉన్న చెల్లో కుర్రాడి మీద పడ్డాయి. ముందు వరసలో వయొలిన్ అమ్మాయి అమ్మమ్మగారు "మన పిల్ల మీద పడలేదు కదే" అని పక్కావిణ్ణి అడగడం వేదిక మీదికి వినిపించింది. వెనక వరసలో డోలుగాడి నాన్న ఓ క్షణం తట్టుకున్నాడు. సన్నాయి లేకుండా గట్టిమేళం ఒంటరిగా మోగడం ఆయన ఎరగడు. సంచి విప్పాడు. అందుకున్నాడు.

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. పురోహితుడు చెయ్యి దించేదాకా గట్టిమేళం ఆపకూడదు. డోలుగాడు మేడంగారి వేలు మీదే చూపు పెట్టి కొడుతున్నాడు. మేడంగారేమో వీడు ఆపేదాకా చెయ్యి దించకూడదన్నట్టు, కొయ్యబారిపోయి అలాగే ఎత్తి ఉంచారు. వాడు ఆవిడ కోసం, ఆవిడ వాడి కోసం. వాడి మొహమంతా చెమట. ఆపాలని వాడికీ ఉంది. ఆవిడ రెండో చేత్తో ఆ మోచేతికి ఆసరా ఇచ్చుకున్నారు. వేదిక పక్కన నుంచున్న బాబాయిగారు నా వైపు వంగి, "ఒరేయ్, ఈ పాట ఇంత పెద్దదా?" అన్నారు.

ఆ వేదిక మీద ఊరుకోడం బాగా సాధన చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా లేచాను. మేడంగారి దగ్గరికి వెళ్ళి, నాకొచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "మేడం, హ్యాండ్ డౌన్ ప్లీజ్" అన్నాను.

ఆవిడ దించారు. డోలు ఆగింది. సన్నాయి ఆగింది.

అలాంటి నిశ్శబ్దం ఆ మండపం కట్టినప్పటినుంచీ ఎప్పుడూ పుట్టి ఉండదు. డోలుగాడు తల దించుకుని డోలు కొట్టే కర్ర పక్కన పెట్టేశాడు. వాడి సంగతి అయిపోయిందనే నేననుకున్నాను. ఆ నిశ్శబ్దంలో చెల్లో కుర్రాడు జుట్టులో రేకులు దులుపుకోకుండానే మళ్ళీ మొదలుపెట్టాడు. నక్క వచ్చింది. అడుగుల చప్పుడు నిజంగానే వినపడలేదు. చివరికి డోలు వంతు వచ్చింది. మేడంగారు ఈసారి చెయ్యి ఎత్తలేదు. ఊరికే కళ్ళతో అడిగారు. వాడు కర్ర ముట్టుకోకుండా, ఉత్తి వేళ్ళతో మొదలుపెట్టి, దూరం నుంచి ఏదో నడిచొస్తున్నట్టు వాయించాడు. మధ్యలో ఎవరో పక్క తలుపు తెరిచి "భోజనాలు సిద్ధమండీ" అన్నారు. ఎవరూ కదలలేదు.

అయ్యాక వాడు వాళ్ళ నాన్న ముందు నుంచున్నాడు. సాయంగా నేనూ నుంచున్నాను.

"నవ్వేరా నాన్నా?" అన్నాడు.

"నవ్వేరు. నేను సన్నాయి తీసేక ఇంకా నవ్వేరు." ఆయన సంచి మూతి ముడి వేసుకుంటున్నాడు. "నేనే ఆగలేకపోయేను, నువ్వేం ఆగుతావు. ఆవిడ చెయ్యి దించేదాకా కొట్టేవు. అది పని."

"మరి..."

"భోజనాలని పిలిత్తే ఒక్కడూ లెగలేదురా." అదేదో తనకి జరిగిన అవమానంలా కాసేపు ఆలోచించాడు. "ఎల్లు. అలాంటివాటికి ఎల్లు. వైశాఖంలో మాత్రం నాకు కావాలి."

"ఆయ్" అన్నాడు వాడు.

ఇప్పుడు వాడు దేశదేశాల పిల్లలతో కలిసి వాయిస్తాడు, వైశాఖంలో ముమ్మిడివరం వచ్చేస్తాడు. నా మృదంగం అటక మీద పాత దుప్పటి కప్పుకుని విశ్రాంతి తీసుకుంటోంది. మా నాన్నగారికి ఈత సంగతి ఇప్పటికీ గుర్తు రాలేదు. నా పెళ్ళికి డోలు వాడిదే. మూడు ముళ్ళూ వేసేశాను, మేళం ఆగదు. చూస్తే పురోహితుడుగారు వీడియో వైపు నవ్వుతూ వేలు ఎత్తే ఉంచారు. నా నోటంట "మేడం, హ్యాండ్ డౌన్ ప్లీజ్" అని వచ్చేసింది. డోలుగాడు తల వంచి, నవ్వుకి భుజాలు కదులుతుంటే అలాగే కొట్టాడు. భర్తగా నేను పలికిన మొదటి మాట అదే కావడంతో, ఆ మేడం ఎవరని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు చెప్తాను. నమ్మదు.

ఇప్పుడు ఏ పెళ్ళికి వెళ్ళినా అందరూ పెళ్ళికూతుర్ని చూస్తారు, నేను పురోహితుడి వేలు చూస్తాను. ఆ వేలు దిగి, మేళం ఆగి, మండపం ఒక్క క్షణం ఊరుకున్నప్పుడు, తరవాత నక్క వస్తుందని ఎదురుచూస్తాను. రాదు. అందరూ భోజనాలకి లేస్తారు. నేనూ లేస్తాను.