వదిన నేర్పిన అంతరఖండాలు

మొన్న గుజరాత్‌లో, భేస్తాన్‌లోని మా ఇంట్లో మనవరాలు ఫోనులో ఏదో సమీకరణం కొట్టగానే వంపులు తిరిగిన గీత ఒకటి రెప్పపాటులో పరుచుకుంది, అది అక్షాలను ఎక్కడెక్కడ తాకుతుందో కూడా ఆ ఫోనే చుక్కలు పెట్టి చూపించింది. మా వదిన అంతరఖండాలని నేర్పిన ఆ చుక్కల వంక చూస్తూ చూస్తూ నేను, ఎప్పుడో మావాళ్లు మగ్గాల పనికి వలస వచ్చిన కొత్తలో పాండేసరలో మేమున్న ఒక్కగదిలోకి వెళ్లిపోయాను.

ఆ ఏడు నేను లెక్కల్లో తప్పాను. ఇంకోసారి తప్పితే చదువు మాన్పించి, చీరలకు రాళ్లు అతికించే పనిలో కూర్చోబెడతానని బాపు తేల్చి చెప్పేశాడు. బడిలో గుజరాతీలో చెప్పే, పైన లవం కింద హారం ఉండే అకరణీయ ప్రమేయాలు నాకు బొత్తిగా కొరుకుడు పడేవి కావు. అప్పుడే జగిత్యాల వైపు నుంచి కొత్తకోడలిగా వచ్చిన మా వదిన, ఇంటర్ సగంలో ఆపేసిన మనిషి, మధ్యాహ్నం అంట్లు తోమాక చేతులు కొంగుకు తుడుచుకుంటూ నా పక్కన కూర్చునేది. గ్రాఫు కాగితాలు కొనడమనేది మాలాంటివాళ్ల ఇళ్లలో ఎక్కడిది! అన్నయ్య మగ్గాల కార్ఖానా నుంచి చీరల డిజైన్లు గీసి పారేసిన గళ్ల కాగితాలు తెచ్చేవాడు. ఆ గళ్లు నలుచదరంగా కాక నిలువుగా సాగి ఉండేవి, అందుకని నా గీతలన్నీ పుస్తకంలోవాటికంటే పొడుగ్గా వచ్చి నాకు ఏడుపొచ్చేది.

"వంపు ఎట్లనన్న ఉండనీ పిల్లా, అక్షాన్ని ఏడ తాకిందో గది జూడు" అనేది వదిన. నిజమే, గళ్లు లెక్కపెడితే చుక్క సరైన చోటే పడేది. ఎక్స్‌కు సున్నా ఇస్తే నిలువు అక్షం మీద చుక్క దొరుకుతుంది, పైనున్న లవాన్ని సున్నా చేస్తే అడ్డ అక్షం మీద. లవం సున్నా అయిందో లేదో నేను ఆత్రంగా చుక్క పెట్టేయబోతే, వదిన నా చెయ్యి పట్టుకుని ఆపేది.

"జర ఆగు. కింద గుడ సున్నా అయితే ఆడ గీతనే ఉండది."

పరీక్షలో సరిగ్గా అలాంటిదే వచ్చింది. పెన్సిలు పట్టుకున్న చెయ్యి దానంతటదే ఆగింది, నేను గట్టెక్కాను. ఫలితాలు తెలిసిన రోజు నాకంటే వదినే ఎక్కువ ఏడ్చింది, ఆ తర్వాత నా ప్రశ్నపత్రం అడిగి తీసుకుని, పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఒక్కో లెక్కా చేసుకుంటూ కూర్చుంది. కాలేజీకి వెళ్లింది మాత్రం నేను.

ఇప్పుడు మా వీధిలో కోడళ్లు కూడా పరీక్షలకు వెళ్తున్నారు, అత్తలే పసిపిల్లల్ని చంకనెత్తుకుని గుమ్మందాకా వచ్చి సాగనంపుతున్నారు. చూసినప్పుడల్లా ఎంతో సంతోషం, ఆ వెంటనే వదిన గుర్తొస్తుంది. వదిన పోయి చాలా ఏళ్లయింది. ఆ లెక్కలన్నీ ఆమెకు వచ్చు, పరీక్ష రాయమన్నవాళ్లే లేకపోయారు.