షోరూములోనే గదగ్ దాకా

పోయినేడు మా ఇంటి ముందు లారీ ఆగినప్పుడు మా బావ ఫోన్లో అన్న మాట నేను మర్చిపోలేదు. మర్చిపోను కూడా. బావంటే మా అక్క భర్త. ఆయన అప్పటికి గోకర్ణంలో సముద్రం ఒడ్డున ఉన్నాడు. లారీ డ్రైవరు ఫోను స్పీకరులో పెట్టాడు కాబట్టి వీధిలో ఉన్నవాళ్ళంతా విన్నారు.

"లోడ్ వచ్చినాది. నిదానంగా దింపుకోండప్పా."

ఆ లోడ్ నేనే. లారీ వెనక భాగంలో, తాళ్ళతో కట్టేసిన నా మోటారు సైకిలు పక్కన, ఖాళీ గోనెసంచుల మీద వెల్లకిలా పడి ఉన్నాను. నడుము పట్టేసి కేబిన్లో కూర్చోలేకపోయాను. వీధి నవ్వింది. మా ఆవిడ కూడా నవ్వింది. లేదని ఇప్పటికీ అంటుంది గానీ, నేను పడుకున్న చోటి నుంచి ఆమె ముఖం బాగా కనిపించింది.

మాది బళ్ళారి పక్క మోక దగ్గర పొలాలున్న కుటుంబం. గనుల పని పెరిగాక లారీలు కొన్నాం. కూరెకుప్పలో ఉన్న ఆఫీసు నేను చూస్తాను, లారీలను బావ చూస్తాడు. వరి కోతలు అయ్యాక ప్రతి ఏడాదీ బావ, ఆయన తమ్ముడు, నేను మూడు మోటారు సైకిళ్ళ మీద సముద్రం దాకా పోయి వస్తాం. హొసపేట, కొప్పళ, గదగ్, హుబ్బళ్ళి, ఆ తర్వాత ఘాట్ దిగితే అంకోలా, అక్కణ్ణించి గోకర్ణం. ఏడాది పొడుగునా ఎర్రదుమ్ము మింగేవాళ్ళకు ఆ నీళ్ళను చూడటం ఎంత అవసరమో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

పోయినేడు నేను గదగ్ దాటలేదు. వయసు మీద పడిందని బావ ఊరంతా చెప్పాడు. అసలు సంగతి వేరు.

లారీలవాళ్ళకు ఒక లెక్క ఉంటుంది. ఖాళీ లారీ ప్రతి గుంతలోనూ ఎగిరి పడుతుంది. సరుకెక్కిస్తే కింద స్ప్రింగుల్లాంటి కమాన్ పట్టీలు అణిగి, బండి కుదురుగా పోతుంది. లారీకి అది నిజమే. బావ దాన్ని మోటారు సైకిలుకు కూడా అంటగట్టాడు. నా పాత బండిని ఎంచింది ఆయనే. షోరూములో ఉన్నవాటిలో ఎక్కువ బరువున్నది, ఎక్కువ చప్పుడు చేసేది చూశాడు. టైరును కాలితో తన్ని, "గట్టిగుండాది, తీసుకో" అన్నాడు. అంతే, అది నా బండి అయిపోయింది. గుంతల్లో ఎగురుతోంది బావా అని నేనంటే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

"లోడ్ లేకపాయె, అందుకే ఎగురుతాండాది."

అలా పోయినేడు ముగ్గురి సంచులూ, టార్పాలినూ, పంక్చరు సామానూ, చివరికి ఆయన ఒడ్డున వేసుకుని కూర్చునే మడత కుర్చీ కూడా నా వెనకే కట్టించాడు.

"ఇప్పుడు చూడు, పల్లకీ పోయినట్ల పోతాది."

ఆ పల్లకీని మోసింది నా వెన్నెముక. బరువుకు వెనక షాక్ అబ్జార్బర్లు పూర్తిగా అణిగిపోయి, ప్రతి గుంత దెబ్బా నేరుగా నడుముకు తగిలింది. కొప్పళలో నొప్పిగా ఉందన్నాను. టీ తాగితే పోతుందన్నారు. గదగ్‌లో బండి దిగడానికి ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. హుబ్బళ్ళిలో సరుకు దించి ఖాళీగా తిరిగొస్తున్న మా లారీనే పిలిపించి నన్ను ఎక్కించారు. బావ మాత్రం తన మడత కుర్చీ విప్పుకుని తన బండికి కట్టుకుని సముద్రానికి పోయాడు. వచ్చేటప్పుడు నాకు అంకోలా నుంచి జీడిపప్పు పొట్లం తెచ్చాడు. దాన్ని నేను ముట్టలేదు.

బళ్ళారిలో డాక్టరు చూసి, బండి నడపొచ్చు, కానీ ఒకే తీరున ఎక్కువసేపు కూర్చోవద్దు, బరువులు వద్దు, తను చెప్పిన వ్యాయామాలు మానొద్దు అన్నాడు. బావ వెంట వచ్చి బయట కూర్చున్నాడు. లోపలి మాట ఒక్కటీ వినని మనిషి, ఊళ్ళోకి పోయి "డాక్టరు బండి ముట్టగూడదన్నాడు" అని చెప్పాడు.

ఈ ఏడు ఆడవాళ్ళు కూడా సముద్రానికి కార్లో వస్తామన్నారు. కోతలు దగ్గర పడ్డాక అక్కావాళ్ళింట్లో భోజనాల దగ్గర ఆయనే తీర్పు చెప్పేశాడు.

"ఈతూరి నువ్వు కార్లో రాప్పా, ఆడోళ్ళతో కూడా. సీటు ఎనక్కి వాల్చుకోని పండుకో."

"బావకు దిండొకటి పెడతాం" అన్నాడు బావ తమ్ముడు. నాకన్నా చిన్నవాడు, నన్ను బావా అనే పిలుస్తాడు.

మా ఇళ్ళల్లో ఒకసారి దించిన మనిషిని మళ్ళీ ఎక్కించరు. మా పెదనాయన్ని అలాగే ట్రాక్టరు మీద నుంచి దించారు. ఆయన మిగిలిన జీవితమంతా గట్టు మీద నిలబడి ఇతరులు దున్నడం చూశాడు. అది గుర్తొచ్చి చెయ్యి కడుక్కోకుండానే చెప్పాను.

"నాకు కావాల్సిన బండి నేనే చూసుకుంటా. దాని మీదనే సముద్రం చూస్తా. చూడకపోతే సచ్చేదాకా నీ కార్లో ఎనక సీట్లో కూసుంటా, ఒక్క మాట అన్ను."

"నువ్వు మాట అనకుండానా?" అని అక్క నవ్వింది. అదీ గుర్తుంది.

పాత బండిని అమ్మేశాను. బళ్ళారిలో మొదటి షోరూములోకి అడుగు పెట్టగానే ఒక కుర్రాడు నా తల నెరుపు చూసి, "అంకుల్, స్కూటర్లు ఆ పక్క" అన్నాడు. నేను ఆ పక్కకు పోలేదు, ఈ పక్కకూ పోలేదు, తిరిగి బయటికి వచ్చేశాను. ఆ వీధిలో నడవాల్సొస్తే ఇప్పటికీ ఎదురు వరసలో నడుస్తాను.

రెండో షోరూములో టై కట్టుకున్న సేల్స్‌మన్ సార్ అన్నాడు. మైలేజీ లెక్క చెప్పబోతే ఆపాను. నాకు మైలేజీ వద్దు, నడుము కావాలి అన్నాను. మధ్యరకం బండి, రెండు సిలిండర్లది, రోజంతా నడిపినా చేతులకు తిమ్మిరెక్కించనిది, హైవే మీద ఏడ్వకుండా పరిగెత్తేది చూపించమన్నాను. ఆయన నన్ను పొడుగ్గా, కిందకి ఉన్న ఒక బండి దగ్గరికి తీసుకుపోయాడు. సోఫాలాంటి సీటు, కాళ్ళు ముందుకు చాపుకోవాలి.

"నిమ్మ ఏజ్‌గె, మీ ఏజ్‌కు, ఇదే కరెక్ట్ సార్. ఫుల్ కంఫర్ట్. కూసోండి, మీకే తెలుస్తాది."

కూర్చున్నాను. ఆ మాటకొస్తే మెత్తగానే ఉంది. ఏ సీటైనా మొదటి నిమిషంలో మెత్తగానే ఉంటుంది. నా పాత బండి సీటు కూడా దారిలో తోరణగల్లు ఊరి దాకా మెత్తనే.

"ఎట్లుండాది సార్?"

"ఇంకా తెలీదు. గదగ్ పోయినాక చెప్తా."

ఆయనకు అర్థం కాలేదు. టెస్టు రైడు కావాలా అన్నాడు. వాళ్ళ టెస్టు రైడు షోరూము నుంచి సర్కిల్ దాకా పోయి రావడం. సర్కిల్ దాకా ఏ నడుమైనా ఊరుకుంటుంది. అందుకని గదగ్ చేరడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఈ బండి మీద ఇక్కడే కూర్చుంటానని చెప్పాను. నా డబ్బు, నా నడుము, మీ ఫ్యాను గాలి. వెనక చక్రం ఎత్తి నిలబెట్టే స్టాండు తెప్పించమన్నాను. తెప్పించారు. హెల్మెట్ కూడా పెట్టుకున్నాను, మెడ మీద ఆ బరువు పడితేనే సంగతి తెలిసేది.

కాసేపటికి మేనేజరు వచ్చాడు. సేల్స్‌మన్ ఆయనతో కన్నడంలో గుసగుసగా, "సార్, ఇవరు గదగ్‌గె హోగ్తా ఇద్దారె" అన్నాడు. ఈయన గదగ్ పోతున్నాడట అని. గుసగుస అయినా నాకు వినపడింది.

మేనేజరు నా ముందు నిలబడి చేతులు కట్టుకున్నాడు. "యాడికొచ్చినారు సార్?"

"కుడితిని దాటినా."

"టోలు కట్టినారా?"

"బైకులకు టోలు లేదు. బండ్లు అమ్మేటోనివి, అది తెలీదా?"

వెనక సర్వీసు షెడ్డులోంచి మెకానిక్కులు కూడా వచ్చి చూశారు. ఒకడు హారన్ కొట్టినట్టు నోటితో చప్పుడు చేసి, "సార్, సైడ్ ఇయ్యండి, లారీ వస్తాండాది" అన్నాడు. నవ్వనీ. హొసపేట రాకముందే నా తోక ఎముక మీద మంట మొదలైంది. కాళ్ళు ముందుకు చాపితే పై బరువంతా పిరుదుల మీదే పడుతుంది. గుంత వచ్చినప్పుడు లేచి నిలబడదామన్నా కింద కాళ్ళుండవు. దిగి, ఇది నాకు పనికిరాదన్నాను.

మర్నాడు మళ్ళీ పోయాను. ఈసారి రేసుబండి. హ్యాండిల్ ఎంత కిందకి ఉందంటే దండం పెడుతున్నట్టే ఉంది. హొసపేట అవతల మునిరాబాద్ దాకా మణికట్లు ఆగాయి, ఆ తర్వాత ఆగలేదు. ఎత్తుగా ఉండే అడవిదారుల బండి ఒకటి చూపించారు. కూర్చుంటే హాయిగానే ఉంది గానీ స్టాండు తీస్తే నాకు కాలి బొటనవేళ్ళే ఆనాయి. సంతలో బండి పక్కకు ఒరిగితే పట్టుకునేది బావ నోరు కాదు కదా.

చివరికి మిగిలింది ఒక మూలన ఉన్న మధ్యరకం బండి. దాన్ని ఎవరూ అడగరని మేనేజరే చెప్పాడు. కుర్రవాళ్ళకు అది చాలినంత రేసుబండి కాదు, పెద్దవాళ్ళకు చాలినంత సోఫా కాదు. హ్యాండిల్ ఛాతీకి కాస్త కింద, ఫుట్‌రెస్టులు తొడల కిందికి, కొంచెం వెనక్కి. ముందు గాలికి అడ్డుగా చిన్న అద్దం. సీటు గట్టిగా ఉంది. ఒళ్ళు కొద్దిగా ముందుకు వంగుతుంది. బరువు కాళ్ళు, చేతులు, పిరుదులు పంచుకుంటాయి. గుంత వస్తే కాళ్ళ మీద లేవచ్చు. నేను దాని మీద కొప్పళ చేరాను. గదగ్ చేరాను. గదగ్‌లో దిగి షోరూములో అటూ ఇటూ నడిచి, సేల్స్‌మన్ తెచ్చిన టీ తాగి, మళ్ళీ ఎక్కి హుబ్బళ్ళికి బయలుదేరాను. షట్టరు దించే వేళైంది సార్ అని మేనేజరు బతిమాలాడు.

"హుబ్బళ్ళి యింకా రాలేదు."

"వచ్చినాది సార్. ఇదే హుబ్బళ్ళి. దిగండప్పా, పుణ్యముంటాది."

అంతటితో వదల్లేదు. మోక రోడ్డు మీద నడిపి చూడందే కొననన్నాను. సర్కిల్ దాటి ఇవ్వం, రూల్ లేదన్నారు. కంపెనీలో ఆ రూల్ రాసిన వాళ్ళకే ఫోను చేశాను, రోజూ చేశాను. చివరికి సేల్స్‌మన్‌ను వెనక కూర్చోబెట్టుకుని పొమ్మన్నారు. మోక రోడ్డు గుంతలు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఒక్కటీ తప్పించలేదు. తిరిగొచ్చాక సేల్స్‌మన్ తన నడుం పట్టుకున్నాడు. నాది నిలిచింది. బండి కొన్నాను.

బావ చూడ్డానికి వచ్చాడు. చుట్టూ తిరిగి, సీటు మీద పిడికిలితో గుద్దాడు.

"రాయి ఉన్నట్ల ఉండాది. దీని మీద గోకర్ణమా? ఇనుమే లేదు దీంట్లో. గాలొస్తే ఎగిరిపోతాది."

టైరును తన్నబోయాడు. "తన్నొద్దు" అన్నాను. కాలు గాల్లోనే ఆగింది. ఇన్నేళ్ళలో ఆయన కాలు ఒక టైరు ముందు ఆగడం అదే మొదలు.

బయలుదేరే రోజు పొద్దున్నే ఇద్దరూ వచ్చారు. బావ చేతిలో సంచులు, భుజాన తాడు, చంకలో మడత కుర్చీ. పోయినేడు ఏమీ జరగనట్టే నా బండి వెనక్కి నడిచాడు.

"నీ కుర్చీ నీ ఎనకాల కట్టుకో బావా."

"ఏందప్పా నువ్వు, ఎన్ని దినాలు పెట్టుకుంటావు మనసులో? ఖాళీ బండి ఎగురుతాదని చెప్తాండాను."

"ఎగరనీ."

ఆయన కుర్చీని తమ్ముడికి ఇచ్చాడు. మా ఆవిడ గడప దగ్గర నిలబడి ఉంది. ఈసారి నవ్వలేదు. నేను చూశాను.

దారి పొడుగునా నా నడుము చెప్పిన చోటల్లా ఆపాను. దిగి నాలుగడుగులు నడిచి, వ్యాయామం చేసి ఎక్కాను. బావ తమ్ముడు నన్ను దాటిపోతూ, "బావా, లారీ పిలవాల్నా?" అని అరిచాడు. గదగ్‌లో అసలు ఆగలేదు. పోయినేడు నన్ను పట్టుకుని దించిన హోటలు ముందు నుంచి వేగం తగ్గించకుండా పోయాను. హుబ్బళ్ళి దాటాక ఎడమ కాలిలోకి సన్నగా తిమ్మిరి పాకింది. నిజం చెప్పాలంటే భయపడ్డాను. ఆడవాళ్ళ కారు వెనకాలే వస్తోంది. అందులో సీటు ఖాళీగా ఉంది. ఒక పెట్రోలు బంకులో నీడ చూసుకుని నేల మీద వెల్లకిలా పడుకుని, డాక్టరు చెప్పినట్టు మోకాళ్ళు ఛాతీకి లాక్కున్నాను. లారీల క్లీనర్లు చుట్టూ మూగారు. చూడనీ అనుకున్నాను. తిమ్మిరి తగ్గేదాకా లేవలేదు. కారు వచ్చి ఆగి, అక్క అద్దం దించి పిలిచింది. చెయ్యి ఊపి పొమ్మన్నాను.

ఘాట్‌లో ఎండ తగ్గింది. మలుపుల్లో బండి నేను అనుకున్న చోటికి అనుకున్నట్టే వాలింది. ఒళ్ళు మరిచిపోవడమంటే ఏమిటో ఏడాది తర్వాత తెలిసింది.

గోకర్ణం చేరేసరికి వాళ్ళు నాకంటే ముందే ఒడ్డు దగ్గర టీ కొట్టు ముందు కూర్చుని ఉన్నారు. బావ కుర్చీ వేసుకున్నాడు. నేను బండి ఆపి, కాళ్ళు రెండూ నేల మీద ఆనించి, ఆయన వైపు చూస్తూ ఉన్నాను. ఒక్క మాట అంటాడని. తప్పయిందని అనక్కర్లేదు, వచ్చినావే అన్నా చాలు.

"రాప్పా, టీ తాగు" అన్నాడు.

నేను హెల్మెట్ తియ్యలేదు. సముద్రం వైపు చూశాను, కావలసినంతసేపు చూశాను. నడుము నొప్పిగానే ఉంది. ఓర్చుకోగలిగిన నొప్పి. మళ్ళీ స్టార్టు చేశాను.

"ఇప్పుడు యాడికి?"

"ఒడ్డెంబడే కార్వార్ దాకా పోయొస్తా."

"యాలప్పా? సముద్రం ఈడే ఉండాది కదా."

"ఆడ కూడా ఉండాది."

ఆయన ఇంకేదో అన్నాడు. ఇంజను చప్పుడులో వినపడలేదు. వినపడి ఉంటే అదీ గుర్తుపెట్టుకునేవాణ్ణి.