ఓడినవాళ్ళు లేని ఆట

ఫోన్‌లో పాచిక దొర్లే చప్పుడు నాకు ఇంకా అలవాటు కాలేదు. స్టీలు గ్లాసులో చింతగింజ వేసి ఊపినట్టు ఉంటుంది. నిన్న సాయంత్రం పుణె నుంచి నువ్వూ తమ్ముడూ నాతో లూడో ఆడారు. నీ ఆఖరి కాయ ఇంటి మలుపు దాకా వచ్చింది. నేను చంపేశాను. నీకు కోపం వచ్చింది, చిన్నీ. "అమ్మమ్మా, చిన్నపిల్లలతో ఆడుతూ ఒక్కసారైనా ఓడిపోవా?" అన్నావు. "ఓడినోళ్ళే మళ్ళ ఆడుదామంటరు బిడ్డా" అన్నాను. నువ్వు నవ్వి, హోంవర్క్ ఉందని ఫోన్ పెట్టేశావు.

ఆ మాట నాది కాదు. నసీమా ఆపాది. ఉర్దూలో ఆపా అంటే అక్క. ఆమెను మీరు చూడలేదు, మీ అమ్మకు కూడా లీలగా గుర్తుందేమో. ఫోన్ పక్కన పెట్టాక ఇంట్లో ఇంకే అలికిడీ లేదు. ఆమె గురించి చెప్పడానికి కూడా ఎవరూ లేరనిపించి ఇది రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు చదవండి.

నేను లింగంపేట నుంచి ఎల్లారెడ్డికి కోడలిగా వచ్చినప్పుడు నాకు తెలిసిన పని ఒక్కటే, బీడీలు చుట్టడం. మా గల్లీలోనే ఆపా ఇల్లు. ఆమె భర్త దర్జీ. చిన్న వయసులోనే పోయాడు. పిల్లలు లేరు. ఆమెకు మిగిలింది ఒక కుట్టుమిషను, గోనెసంచి నిండా గుడ్డపీలికలు. ఒకరోజు మా అరుగు దగ్గర ఆగి, నేను ఆకు మడుస్తుంటే చాలాసేపు చూసింది.

"లచ్చుమీ, నీ వేళ్ళు మస్తు నడుస్తున్నయ్. సూది పడుతవా?"

"ఏం కుట్టాలె ఆపా?"

"ఆట కుట్టాలె."

నాకు నవ్వొచ్చింది. మీ లూడో లాంటిదే పచ్చీసు. అది ఆడాలంటే మా దగ్గర బండ మీద సుద్దతో గళ్ళు గీసుకునేవాళ్ళు. ఆటను ఎవరైనా కొంటారా? ఆపా మాత్రం నవ్వలేదు. "బండ మీద గీసింది ఊడిస్తే పోతది. బట్ట మీద కుడితే మడత పెట్టుకొని పుట్టింటికి సుత తీస్కపోవచ్చు" అంది. అలా మొదలైంది. నాలుగు రంగుల గుడ్డ నాలుగు చేతుల్లా పరిచి, వాటి మీద తెల్లదారంతో గళ్ళు కుట్టేవాళ్ళం. గల్లీలో ఇంకొందరు ఆడవాళ్ళు కూడా బీడీల చేటలు పక్కన పెట్టి మాతో కలిశారు. పొగాకు ఘాటు లేని పని చేయడం మా అందరికీ అదే మొదటిసారి.

వారం వారం జరిగే అంగడికి ఆపా వెంట నేనే వెళ్ళేదాన్ని. ఆమె కేకలు వేసి అమ్మేది కాదు. గోనెపట్టా మీద మేము కుట్టిన ఆట పటం పరిచి, గవ్వలు చేతిలో గలగలలాడిస్తూ కూర్చునేది. ఒకసారి మక్కలు అమ్ముకోవడానికి వచ్చిన ఒక పెద్దమనిషి మా ముందు ఆగాడు.

"ఏంది బీబీ, పొద్దుగల్ల పొద్దుగల్ల పచ్చీసు పెట్టినవ్. ఇంట్ల పని లేదా?"

"ఇదే పని పటేలా. భయమైతే పో, నేనేమనుకోను."

"భయమా? నాకా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఇక ఆయన కూర్చోక తప్పలేదు. ఆపా ఆయన కాయలు ఒక్కొక్కటే చంపుతూ పోయింది. పండబోయే కాయను కూడా వదల్లేదు. ఆయన ధోవతి దులుపుకుంటూ లేచి, "గవ్వలల్లనే ఏదో ఉన్నది" అన్నాడు. "అయితే గవ్వలు సుత తీస్కపో. ఇంటికాడ తీరంగ చూసుకో" అంది ఆపా. ఆయన పటమూ గవ్వలూ రెండూ కొనుక్కుని పోయాడు.

తిరిగి వస్తూ అడిగాను, పాపం ఆయనను ఒక్కసారి గెలవనిస్తే సంతోషపడేవాడు కదా అని. "గెలిచినోడు ఖుషీగ లేచిపోతడు లచ్చుమీ. ఓడినోడు ఆట కొంటడు, మళ్ళ ఆడి గెలుస్తనని. మనం ఓడిపోతే మన పటం ఎవరు కొంటరు?" అంది.

ఆ ఒక్క లెక్క మీదే ఆమె వ్యాపారం నడిచింది. ఎల్లారెడ్డి అంగడిలో ఓడించింది, పిట్లంలో ఓడించింది, బాన్సువాడలో ఓడించింది. కామారెడ్డిలో స్టేషన్ వైపు గల్లీలో ఒక మడిగె, అంటే చిన్న దుకాణం, కిరాయికి తీసుకుంది. మిషన్లు పెరిగాయి. పెళ్ళిసామానుతో పాటు పచ్చీసు పటం పెట్టడం మా వైపు ఒక ముచ్చట అయింది. మేమంతా పొద్దున బస్సెక్కి కామారెడ్డి వెళ్ళి పనిచేసి వచ్చేవాళ్ళం.

కానీ ఒకటి గమనించాను. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు మేము కుట్టిన పటమే పరుచుకుని ఆడుతుండేవాళ్ళు. ఆపా వస్తుంటే కాయలు తీసేసేవాళ్ళు. "నసీమక్క వచ్చింది, ఇగ మనం గెలిచినట్టే! తియ్యిండ్రి, తియ్యిండ్రి" అని నవ్వేవాళ్ళు. ఆమెకు కుర్చీ వేసేవాళ్ళు, చాయ్ ఇచ్చేవాళ్ళు, మర్యాదకు తక్కువ చేసేవాళ్ళు కాదు. ఆటకు మాత్రం పిలిచేవాళ్ళు కాదు. ఆమె చాయ్ తాగి, కప్పు కింద పెట్టి, కొంచెంసేపు కూర్చుని వచ్చేసేది. మడిగెలో మధ్యాహ్నం తిన్నాక ఒక పటం పరుచుకుని నాలుగు రంగులూ తానే ఆడుకునేది. నేను వచ్చి కూర్చుంటానంటే, "నువ్వు కూసుంటే నీ కాయలు నేను కొట్టాలె. ఉండనీ" అనేది.

తర్వాత పట్నం నుంచి అట్టల లూడోలు వచ్చాయి. ప్లాస్టిక్ కాయలు, ప్లాస్టిక్ పాచిక. పిల్లలకు అవే నచ్చాయి. మా పటాలు అలమారలో మడతల మీద మడతలుగా పేరుకుపోయాయి. కొత్తగా ఏదో ఒకటి చేయకపోతే మడిగె మూతపడుతుందనీ, మేమంతా మళ్ళీ తంబాకు చేటల ముందు కూర్చోవాలనీ అందరికీ తెలుసు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఎల్లారెడ్డి రావడానికి జీపెక్కాం. మా వైపు జీపుల సంగతి మీకు తెలియదు. సీట్లు నిండితేనే కదులుతాయి. ఒక్క సీటు ఖాళీ ఉంది. లోపల కూర్చున్నవాళ్ళందరూ తలలు బయటపెట్టి దారిన పోయే ఒక ముసలమ్మను పిలుస్తున్నారు. "రా అవ్వా, జెల్ది రా! నీ కోసమే ఆగినం!" ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. ఆపా ఆ ముసలమ్మ వచ్చి కూర్చునేదాకా ఆమెనే చూస్తూ ఉండిపోయింది.

ఆపా తయారుచేసిన కొత్త ఆట ఆ జీపులోంచే పుట్టింది. నలుగురు నాలుగు ఊళ్ళ నుంచి బయల్దేరుతారు: పిట్లం, లింగంపేట, పోచారం, ఎల్లారెడ్డి. మధ్యలో కామారెడ్డి. చంపుకోవడం లేదు. దారిలో జీపు ఉంటుంది, నలుగురూ చేరితేనే కదులుతుంది. ముందు వచ్చినవాడు తన పందెం, అంటే గవ్వలు వేసే తన వంతు, వెనకబడ్డవాడికి ఇవ్వాలి. చేరితే అందరూ చేరతారు. దీన్ని కుట్టడం కుదరదు, అట్ట మీద అచ్చు వేయించాలి. అందుకోసం ఆపా మిషన్లు అమ్మేసింది, భర్త మిషను ఒక్కటి తప్ప.

"ఆపా, దీంట్ల ఎవ్వరు ఓడరు గదా?" అన్నాను.

"ఓడరు."

"మరి కొనేదెవరు?"

ఆమె కొత్త ఆట పెట్టెలకు కాగితాలు అంటిస్తూ, "ముందుగాల ఆడనీ" అంది.

ఎల్లారెడ్డి అంగడిలోనే మొదటిసారి పరిచాం. గంపతో వచ్చిన ఒక బీడీల అవ్వ, కాలేజీ పిల్ల, ఆటో నడిపే అన్న కూర్చున్నారు. నాలుగో మనిషి లేక ఆపా తానే కూర్చుంది. ఆ రోజు గవ్వలు ఆమె మాట వినలేదు. ముగ్గురి కాయలూ జీపెక్కాయి, ఆమెది పోచారం చెరువు దగ్గరే ఉంది.

"ఏందక్కా, చెరువు కాడ చేపలు పడుతున్నవా?" అన్నాడు ఆటో అన్న.

"నా పందెం తీస్కో బిడ్డా, రా" అంది అవ్వ.

"రా ఆపా, రా! నీ కోసమే ఆగినం!" అని ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. చుట్టూ నిలబడ్డవాళ్ళు కూడా రా రా అని అరవడం మొదలుపెట్టారు. ఆపా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అన్నేళ్ళలో ఆమె అలా నవ్వడం నేను చూడలేదు.

జీపు కామారెడ్డి చేరింది. అందరూ ఖుషీగా లేచారు. "మస్తున్నది అక్కా, మళ్ళ వారం వస్తం" అన్నారు. నిజంగానే వచ్చారు, ఆడారు, లేచిపోయారు. ఒక్కరూ కొనలేదు. ఇంటికి తీసుకుపోయి తేల్చుకోవాల్సిన పంతం ఎవరికీ మిగల్లేదు మరి.

వానలు పడేలోపు మడిగె ఖాళీ చేశాం. మిగిలిన ఆట పెట్టెలను ఆపా బడి పిల్లలకు పంచేసింది. మేము మళ్ళీ ఆకు కత్తెరలు పట్టాం. ఆపా పిట్లంలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది. తర్వాత ఆమెకు బాగాలేదని తెలిసి ఒకసారి వెళ్ళాను. మంచంలో చిన్నపిల్లలా ముడుచుకుని ఉంది. చేయి పట్టుకుని అడిగేశాను.

"ఓడినోడే కొంటడని నాకు నేర్పింది నువ్వే గద ఆపా. తెలిసి తెలిసి గట్లాంటి ఆట ఎందుకు చేసినవ్?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "తిన్నవా?" అంది. మరదలిని పిలిచి, "లచ్చుమికి అన్నం పెట్టు" అంది. నేను తిని వచ్చేసరికి నిద్రపోయింది. లేపడానికి మనసొప్పలేదు. మళ్ళీ వెళ్ళేలోపే పోయిందని కబురొచ్చింది.

ఇప్పుడు నేనూ ఒక్కదాన్నే ఉంటాను కదా, అప్పుడప్పుడు ఆమెతో మాట్లాడుతుంటాను. మతి తప్పి చేసిందని ఊళ్ళో అన్నారు. అది నేను ఒప్పుకోను. ఆమె లెక్క తప్పే మనిషి కాదు. జవాబు నేనే ఒకటి అనుకుంటాను, మళ్ళీ కాదేమో అనుకుంటాను. మడిగె పోయింది, మిషన్లు పోయాయి, ఒక బతుకంతా కూడబెట్టింది పోయింది. అంగడిలో అందరూ నిన్ను రా రమ్మని పిలిచిన ఆ కాసేపు, అంతటికీ చాలిందా ఆపా?