మట్టి తినేసిన బనీను

నా చిన్నప్పుడు, మేము పరదేశంలో, బుకిట్ బటోక్ అనే పేటలో ఉన్న రోజుల్లో, నాకు చేతులు కడుక్కోవడమే ఒక జబ్బయింది. స్కూల్లో పిల్లలకు వరసగా జ్వరాలొచ్చి, నోట్లో, అరచేతుల్లో పొక్కులు లేచాయి. నేనూ జ్వరపడ్డాను. తగ్గాక టీచరు బొమ్మలు చూపించి, కంటికి కనపడని క్రిములు అంతటా ఉంటాయని చెప్పారు. ఇక మా అమ్మ సరేసరి. ఆవిడ శుభ్రం చూస్తే మడి కట్టుకునే ముత్తవ్వలైనా దండం పెట్టాల్సిందే.

ఆ భయం నాలో ముదిరింది. తలుపు ముట్టుకుంటే సబ్బు, పుస్తకం ముట్టుకుంటే సబ్బు. చేతులు పగిలి, అన్నం కలుపుకుంటే కారం తగిలి ఏడ్చేదాన్ని. చివరికి ఎవరి చెయ్యీ పట్టుకోలేకపోయాను, అమ్మ చెయ్యి కూడా. రోడ్డు దాటేటప్పుడు ఆమె కొంగు పట్టుకునేదాన్ని. అమ్మ పైకి నవ్వేది గానీ, లోపల ఎంత కుమిలిందో నేను తల్లినయ్యాక తెలిసింది.

పక్క ఫ్లాట్‌లో ఒక అక్క గది అద్దెకు తీసుకుని యూనివర్సిటీలో పరిశోధన చేసేది. కరీంనగర్ వైపు మనిషి. వాళ్ల ఊళ్లో మక్క, అంటే మొక్కజొన్న, కంకులు కోశాక చొప్పను తగలబెడతారట. అలా కాల్చకుండా చేలోనే కుళ్లబెట్టి మట్టిలో కలిపేసే క్రిములను వెతికి పెంచడం ఆమె పని. క్రిములను కోరి పెంచే మనిషని తెలిశాక నేను ఆమెకు ఆమడ దూరం జరిగాను.

అక్క నీతులేమీ చెప్పలేదు. ఒక సెలవురోజు కారిడార్‌లో రెండు కుండీలు పెట్టి నన్ను పిలిచింది.

"నీ పాత బనీను ఒకటి ఇస్తవా? మట్టికి తినిపిద్దం."

ఒకదాంట్లో క్రిములు చచ్చేలా ఆవిరి పట్టి చల్లార్చిన మట్టి, రెండోదాంట్లో కింద తోటలోంచి తెచ్చిన మామూలు మట్టి. నాకు మొదటిదే నచ్చింది, శుభ్రమైనది కదా. అక్క రెండింట్లోనూ తరిగిన మక్క పొట్టు కలిపి, బనీనును చెరిసగం పాతి, తడిపి మూతలు పెట్టింది.

కొన్ని వారాలకు తవ్వి చూపించింది. శుభ్రమైన కుండీలో గుడ్డకు మరకలు పడ్డాయంతే, పొట్టు పొట్టులాగే ఉంది. రెండోదాంట్లో పొట్టు నల్లగా మట్టిలో కలిసిపోయింది. బనీను కుట్ల దారాలు మాత్రం మిగిలాయి. తర్వాత రెండింట్లోనూ తోటకూర గింజలు చల్లింది. మొదటిదాంట్లో అక్కడొకటి ఇక్కడొకటి మొలిచాయి. రెండోదాంట్లో ఇసుకేస్తే రాలనన్ని మొలకలు.

నా బనీను ఎవరు తిన్నారని అడిగాను.

"నువ్వు భయపడేటోళ్ల చుట్టాలే. అండ్ల కొందరే చెడ్డోళ్లు. మిగిలినోళ్లు గింజకు జాగ చేసిన్రు. ముట్టుకుంటవా?"

"డర్టీ లా, అక్కా," అన్నాను అక్కడి బడిపిల్లల యాసలో. ఏడుపొచ్చేసింది.

ఆమె బలవంతపెట్టలేదు. తన చెయ్యి మట్టిలో పెట్టి, పక్కనే ఊరికే కూర్చుంది. చాలాసేపటికి నేను ఒక వేలు పెట్టాను, తర్వాత అరచెయ్యి. మట్టి చల్లగా ఉంది. తలెత్తితే అమ్మ మా గుమ్మంలో నిలబడి చూస్తోంది. లేచి వెళ్లి ఆ మట్టిచేత్తోనే ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఇల్లంతా అద్దంలా తుడిచే మా అమ్మ కడుక్కోమనలేదు. అలాగే పట్టుకుని, గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

ఇప్పుడు అందరూ నన్ను ఆంటీ అంటున్నారు. అన్నానికి ముందు చేతులు కడుక్కుంటాను, అది మంచి అలవాటే. కానీ ఎవరైనా నా వైపు చెయ్యి చాపితే మాత్రం ముందు పట్టుకుంటాను. సబ్బు సంగతి తర్వాత.