బాప్తిస్మానికి పేరిచ్చిన కెమెరా

ఆ రోజుల్లో ఫోటో తీయాలంటే కెమెరా ఉండాలి. ఈ మాట మా ఇంట్లో పిల్లలతో అంటే నా నుదుటి మీద చెయ్యి పెట్టి, జ్వరమేమైనా ఉందా అని చూస్తారు. ఇదేమీ తాతలనాటి సంగతి కాదు, పదిహేనేళ్ల పైమాట, అంతే. ఫోన్లలోనూ కెమెరా ఉండేది గాని, దాంతో తీసిన బొమ్మలో ఉన్నది మనిషా, గోధుమల బస్తానా అని తేల్చడానికి ముగ్గురు పెద్దమనుషులు కూర్చోవలసి వచ్చేది. మనిషయితే సర్దుకోవచ్చు. నా ఉద్యోగం బస్తాలతో. కలకత్తా ఖిదిర్‌పూర్ డాక్‌లో ఓడల నుంచి దిగే సరుకులో తడిసిందెంత, చిరిగిందెంత, ఎలకలు ఆరగించిందెంత అని చూసి రాసే ఒక చిన్న సర్వే ఆఫీసులో నన్ను 'మూడు నెలలు చూస్తాం' అని పెట్టుకున్నారు. వాళ్లు నన్ను చూస్తున్నారు, నేను బస్తాలను చూస్తున్నాను. మూడో నెల మొదట్లో బడాబాబు (మా యజమాని, మనిషి చిన్నవాడే, కుర్చీ పెద్దది) నన్ను పిలిచి, సొంత కెమెరా తెచ్చుకుని నెలాఖరులోగా పనికొచ్చే ఫోటోలు తీస్తే ఉద్యోగం ఖాయం చేస్తాననీ, లేకపోతే డాక్ గేటు దాకా తానే స్వయంగా వచ్చి సాగనంపుతాననీ అన్నారు. ఆయన ఎవరికోసమూ అంత దూరం నడిచిన మనిషి కాదు. అందుకని భయపడ్డాను.

మా నాన్న అదే డాక్‌లో ముప్పై ఆరేళ్లు క్రేన్ తోలి రిటైరైన మనిషి. శ్రీకాకుళం దగ్గర సముద్రపొడ్డు నుంచి వచ్చి, తెలుగు బైబిలూ పాటల పుస్తకమూ తప్ప మరో అక్షరం జోలికి పోకుండా అంత కాలం నెట్టుకొచ్చాడు. లోకంలోని వస్తువులన్నీ ఆయన దృష్టిలో రెండే రకాలు: కింద పడితే పగిలేవి, పగలనివి. మొదటి రకం వస్తువులు అసలెందుకు తయారు చేస్తారో ఆయనకి చివరిదాకా బోధపడలేదు. కొత్త వాచీ అయినా, కొత్త చెప్పులయినా ముందు నడుమెత్తు నుంచి ఒకసారి వదిలి చూసేవాడు. (నన్ను కూడా చిన్నప్పుడు వదిలి చూశాడని మా అమ్మ అంటుంది. ఫలితం ఆవిడ చెప్పదు.) అలాంటి మనిషిని వెంటబెట్టుకుని ధర్మతలా దగ్గరున్న కెమెరా దుకాణాల సందులోకి వెళ్లాను.

దుకాణం దాదా (బెంగాలీలో అన్నయ్య అని, రౌడీ అని కాదు) మా ముందు రెండు కెమెరాలు పెట్టాడు. ఒకటి సబ్బుబిళ్లంత, నారింజరంగుది. దాన్ని మొదట నేలకేసి కొట్టాడు. తర్వాత చెప్పుకాలితో తొక్కాడు. ఆపైన టీగ్లాసులు కడుక్కునే బకెట్లో ముంచి, "జోలే ఫేల్లేఓ కిచ్ఛు హోబే నా, దాదా!" అంటూ, నీళ్లలో పడేసినా ఏమీ కాదని రుజువుగా బకెట్లోంచే మా నాన్నని ఫోటో తీశాడు. మా నాన్న ముఖంలో అంత శాంతి నేను గుడ్‌ఫ్రైడే ఆరాధన అయిపోయాక కూడా చూడలేదు.

"ఇదిరా కెమేరా అంటే! అదేటిరా అది, ఎద్దు మెళ్లో గంటలాగ?" అన్నాడు రెండోదాన్ని చూపించి.

ఆ గంట పేరు డీఎస్ఎల్ఆర్. ఆ జాతిలో అన్నిటికన్నా చిన్నది, నేర్చుకునేవాళ్లది అని దాదా చెప్పాడు గాని, నాకది చిన్నగా కనబడలేదు. కంటికి పెట్టుకుని, సందు మొగలో మొక్కజొన్నపొత్తులు కాలుస్తున్న ముసలాయన్ని చూశాను. ఆయన గడ్డంలో ఒక్కో వెంట్రుకా విడివిడిగా నిలబడింది. ఆయన వెనకున్న బస్సులూ, బోర్డులూ, చెత్తకుప్పా, మొత్తం ధర్మతలా అంతా అలుక్కుపోయి రంగురంగుల పొగయిపోయింది. కెమెరాని కంటి మీద నుంచి దించలేదు. మీకు నా పరిస్థితి తెలియదు. నా వెనక ఎప్పుడూ ఉండేవేమిటంటే: తడిబట్టల తాడు, పక్కింటివాళ్ల మేక, తారు డబ్బాలు, వాటన్నిటి మీదుగా మెడ చాచి చూసే క్రేను. అవన్నీ పొగయిపోయి నేనొక్కడినే మిగిలే యంత్రం ఒకటి ఉందని ఇరవైమూడేళ్లుగా నాకెవరూ చెప్పలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. నది అవతలి షాలిమార్ నుంచి ప్రతి ఆదివారం వంతెన దాటి బస్సులో మా తెలుగు చర్చికి వచ్చి, క్వయిర్‌లో రెండో వరుసలో నిలబడి పాడే అమ్మాయి. రైల్వేవాళ్లమ్మాయి. మా సంఘంలో రైల్వేవాళ్లు ఒకవైపూ డాక్‌వాళ్లు ఒకవైపూ కూర్చునేవారు. వాళ్లకి రైలు పాసులుండేవి, మాకు డాక్ ధూళికి తుమ్ములుండేవి. మెడలో అంత పెద్ద కెమెరా వేలాడుతుంటే ఆ తుమ్ములు కొంతవరకు కప్పబడతాయని నా అంచనా.

నాన్న తీర్పు ప్రకారం మర్నాడు డబ్బు తెచ్చి సబ్బుబిళ్ల కొనాలి. తీరా ఆయనకి మోకాళ్లనొప్పులు వచ్చి నన్నొక్కడినే పంపాడు. నేను గంట కొనుక్కొచ్చాను.

"ఇదేటిరా, ఆ రోజు సూసింది కాదే?"

"దానికన్నా కొత్తది నాన్నా. నీళ్లలో ఇంకా లోతుకి దిగుతుంది." (చిన్న అబద్ధం చాలేచోట నేనెప్పుడూ చిన్నదాంతో ఆగలేదు.)

నాన్న కెమెరా వైపు చూడలేదు. డబ్బా తీసుకుని ఆరువైపులా తిప్పి తిప్పి చూశాడు. ఇంగ్లీషు రాదు కదా, చూసుకోనీ అని నేను నిశ్చింతగా నిలబడ్డాను.

"నీళ్లలో దిగుద్దంటావు."

"దిగుతుంది నాన్నా."

"పడితే పగల్దు."

"పగలదు."

"అలగయితే బాగుంది," అని డబ్బాని అలమరా మీద జాగ్రత్తగా పెట్టాడు.

సోమవారం గోధుమల ఓడ. ధూళికి భయపడి కెమెరాని టిఫిన్ సంచిలో దాచి, ఓడ కడుపులోకి దిగి, ఊపిరి బిగబట్టి, ఒక్కో ఫోటోకి ఒకసారి మాత్రమే బయటికి తీస్తూ నలభై ఫోటోలు తీశాను. అద్భుతంగా వచ్చాయి. ప్రతి ఫోటోలోనూ ముందున్న బస్తా మూతికుట్టు దారం పోగుపోగునా మెరుస్తోంది. వెనకున్న తడిసిన బస్తాలు, చిరిగిన బస్తాలు, మొలకలెత్తిన బస్తాలు అన్నీ ధర్మతలాలో లాగే పొగయిపోయాయి. బడాబాబు కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చుని, "అరే బాబా, పీఛేవాలా హీ తో చాహియే!" అని నెత్తి కొట్టుకున్నారు. ఆయనకి కావలసింది వెనకున్నదేనట. కళంటే తెలియని మనిషి అని జాలిపడ్డాను. నెలాఖరుకి ఇంకా మూడు వారాలుంది.

ఇంటి దగ్గర మా నాన్న నా కెమెరా కీర్తిని వీధి వీధికీ మోస్తున్నాడు. "మా గుంటడి కెమేరా నీళ్లలో సేపలాగ తిరుగుద్ది" అని పక్కింటివాళ్లతో అన్నాడు. వాళ్లు బకెట్ తెచ్చారు. ఈ కెమెరాని కుళాయినీళ్లలో ముంచకూడదు, ఉప్పునీళ్లయితేనే ముంచాలి అని చెప్పి తప్పించుకున్నాను. వాళ్లు ఉప్పు తెచ్చారు. బ్యాటరీ అయిపోయిందన్నాను. మేడమీద నుంచి వదిలి చూపించమని ఒకాయన వచ్చాడు. మా అమ్మకి గుండెదడ అని చెప్పి పంపించాను. ప్రతిసారీ నాన్న గుమ్మంలో మోకాళ్లకి నూనె రాసుకుంటూ, నా వైపు చూసీ చూడనట్టు చూసి, "సూపించరా, పోయేదేటుంది?" అనేవాడు.

ఆ తర్వాతి ఆదివారం మా పాస్టరు గారు (మేం అయ్యగారు అంటాం) ప్రకటనలు చదువుతూ, "ఈసారి బాప్తిస్మం పొందే ఐదుగురి ఫోటోలను మన సహోదరుడు నీటి అడుగునుండి తీయబోతున్నాడు. ఇది మన సంఘంలో మొదటిసారి," అన్నారు. చెవులు వినబడని ఒక మామ్మగారు ముందువరుసలోంచి "స్తోత్రం!" అన్నారు. నేను వెనక్కి తిరిగి నాన్నని చూశాను. ఆయన పాటల పుస్తకంలో ఏదో నంబరు వెతుక్కుంటున్నాడు.

మాది నిండా ముంచి బాప్తిస్మం ఇచ్చే సంఘం. చర్చిలో వేదిక ముందు చెక్కలు ఎత్తితే కింద నడుములోతు తొట్టి ఉంటుంది. ఏడాదికొక్కసారి దాన్ని నింపుతారు. ఆ అయిదుగురిలో క్వయిర్ అమ్మాయి కూడా ఉందని తర్వాత తెలిసింది. దుకాణానికి పరిగెత్తి మార్చమని అడిగాను. "సోమవారం దాకా సబ్బుబిళ్లలు రావు దాదా" అన్నాడు. చివరికి టీపెట్టెల్లో వేసే మందపాటి ప్లాస్టిక్ సంచులు డాక్‌లోంచి మూడు సంపాదించి, కెమెరాని మూడు పొరల్లో చుట్టి, ఏడు రబ్బరుబ్యాండ్లు బిగించాను. ప్లాస్టిక్ సంచుల్లో భద్రంగా చుట్టిన సరుకు ఎంత ఘోరంగా తడుస్తుందో ఆ మూడు నెలల్లో నాకన్నా ఎక్కువ చూసినవాడు కలకత్తాలో లేడు. అయినా చుట్టాను.

ఆదివారం వచ్చింది. తొట్టి నిండింది. తెల్లచొక్కా వేసుకుని, మూడు సంచుల్లో కొత్త పెళ్లికూతురిలా ముసుగేసుకున్న కెమెరాని పట్టుకుని మెట్ల దగ్గర నిలబడ్డాను. తెల్లబట్టల్లో ఆ అమ్మాయి నా పక్కకి వచ్చి, అంతవరకు నాతో ఒక్క మాటైనా మాట్లాడనిది, నెమ్మదిగా అడిగింది:

"బ్రదర్, నీళ్లలో కళ్లు తెరిచి ఉంచాలా, మూసుకోవాలా? వారం నుంచి బకెట్లో ముఖం పెట్టి ప్రాక్టీస్ చేస్తున్నా. తెరవగలుగుతున్నా. కొంచెం మండుతోంది, అంతే."

(మా సంఘంలో అందరూ బ్రదర్లే. పెళ్లిళ్లు ఎలాగో అలా అవుతూనే ఉంటాయి.) ఆ కళ్లు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. అయ్యగారు అప్పుడే, "నీటిలోకి దిగేముందు ఇంకెవరైనా సాక్ష్యం చెప్తారా?" అని అడిగారు. సాక్ష్యమంటే తన పాపాలూ, వాటిలోంచి బయటపడిన విధమూ పదిమంది ముందు చెప్పుకోవడం. మా నాన్న స్నేహితుడొకాయన పదేళ్లుగా ప్రతి ఏడూ అదే బీడీ మానేస్తున్నాడు. నా చెయ్యి నన్నడక్కుండానే పైకి లేచింది.

"నేను మా నాన్నతో అబద్ధం చెప్పాను," అన్నాను.

"స్తోత్రం!" అన్నారు మామ్మగారు.

"ఈ కెమెరా నీళ్లలో దిగదు."

"స్తోత్రం!"

"కింద పడితే పగులుతుంది కూడా."

"హల్లెలూయా!"

అయ్యగారు తొట్టిలో నడుములోతు నీళ్లలో నిలబడి నా వైపు చూస్తున్నారు. అప్పుడు డాక్‌వాళ్ల వైపు ముందు బల్లలోంచి మా నాన్న మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"నాకు ఆరోజే తెల్సు అయ్యగారూ. డబ్బా మీద గొడుగు బొమ్మ ఉంది, గాజుగ్లాసు బొమ్మ ఉంది. ముప్పై ఆరేళ్లు ఆ బొమ్మలు సూసే సరుకు దించినాను. గొడుగుంటే తడపకూడదు, గ్లాసుంటే పడీకూడదు. ఈడేమో దిగుద్దంటాడు, పగల్దంటాడు. ఎన్నాళ్లు సెప్తాడో సూద్దారని ఊరుకున్నాను. ఓరి నీ! తొట్టిదాకా వొచ్చీసినావు కదరా!"

డాక్‌వాళ్లందరూ గంభీరంగా తలూపారు. షాలిమార్ గూడ్సుయార్డులో ఆ బొమ్మలే చూసే రైల్వేవాళ్లు కూడా తలూపారు. రెండువైపులవాళ్లూ ఒక విషయంలో ఏకీభవించడం మా సంఘ చరిత్రలో అదే మొదలు. అయ్యగారు నీళ్లలోంచే, "కెమెరాని గట్టుమీదే ఉంచు బాబూ. దానికి తొందరలేదు," అన్నారు.

సంచులు విప్పి గట్టుమీద నుంచే తీశాను. ఆ అమ్మాయి నీళ్లలోంచి లేచినప్పుడు ఒక్కటి నొక్కాను. కళ్లు తెరిచే ఉన్నాయి.

మర్నాడు నేనూ నాన్నా ధర్మతలా వెళ్లాం. ఆయన మోకాళ్ల వల్ల సందు మొగలోనే ఆగి మట్టిముంతలో టీ తాగుతున్నాడు. దాదా గంటని తీసుకుని సబ్బుబిళ్ల డబ్బా నా చేతిలో పెట్టాడు. దాన్ని తిప్పి చూశాను. ఒకవైపు గొడుగు బొమ్మ. పక్కనే గాజుగ్లాసు. దాదాని అడిగితే, "డబ్బాలన్నిటికీ అవే వేస్తారు, దాదా" అన్నాడు. నేను కెమెరా ఒక్కటే తీసుకుని, డబ్బా వద్దన్నాను. డబ్బా లేకపోతే గ్యారంటీ చెల్లదని దాదా వెంటపడ్డాడు. చెల్లకపోతే పోనీ అన్నాను. బయట నాన్న సబ్బుబిళ్లని చేతిలోకి తీసుకుని, నడుమెత్తు నుంచి ఫుట్‌పాత్ మీదికి వదిలి, తీసి, తుడిచి, నా జేబులో పెట్టాడు.

ఆ నెలాఖరుకి మొదటి బస్తా నుంచి ఆఖరి బస్తా దాకా అన్నీ ఒక్కలాగే, వికారంగా, స్పష్టంగా కనబడే ఫోటోలు ఇచ్చాను. బడాబాబు కుర్చీలోంచి లేవలేదు. ఉద్యోగం ఖాయమైంది. ఇప్పటికీ అదే పని, ఫోన్‌తో తీస్తున్నాం.

నీళ్లలోంచి లేచిన ఆ అమ్మాయి ఫోటో మా హాల్లో ఉంది. తీసుకొచ్చింది ఆవిడే, తగిలించిందీ ఆవిడే, నన్ను బ్రదర్ అనడం మానేసిందీ ఆవిడే. వచ్చినవాళ్లందరూ కళ్లు చూశారా, నీటిబొట్లు చూశారా అంటారు. నేను మాత్రం ఆవిడ భుజం వెనక అలుక్కుపోయిన ఒక పసుపుపచ్చ మరకని చూస్తాను. అది ముందు బల్లలో కూర్చున్న మా నాన్న, ఆదివారం చొక్కాలో. మిగతా ఫోటోలన్నిటిలోనూ ఆయన డాక్ గుర్తింపు కార్డుకి నిలబడ్డట్టు బిగుసుకుని ఉంటాడు. ఆయన పళ్లు కనబడేలా నవ్వినది ఆ ఒక్కదాంట్లోనే. ఆ నవ్వూ పొగే. వెనకున్నదే కావాలన్న బడాబాబు మాట నాకప్పుడు ఎక్కలేదు.

ఆయన పోయి ఆరేళ్లయింది. పోయేదాకా ఆ గొడుగు కథ కొత్తగా వచ్చిన ప్రతి అయ్యగారికీ చెప్పాడు, ప్రతిసారీ నేను తలొంచుకుని నిలబడ్డాను. ఇప్పుడు ఆ ఫోటో ముందు నుంచి వెళ్తున్నప్పుడల్లా, నాన్నా, రెండో డబ్బా మీద కూడా గొడుగుంది అని చెప్పేద్దామనిపిస్తుంది. నవ్వుతున్న మనిషిని మధ్యలో ఆపడమెందుకని ఊరుకుంటాను.