సెబాస్టియన్ స్తంభాలు

ఫిల్మ్‌నగర్ బస్తీలో మౌల్డింగ్ సెబాస్టియన్ అంటే తెలియనివాళ్లు లేరు. ప్లాస్టర్‌తో సినిమా సెట్టుకు గుడి కావాలన్నా, కోట కావాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. మంచివాడే గానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆ మాట భార్య ఫిలోమినా రోజుకు రెండుసార్లయినా అంటుంది.

షేక్‌పేట వైపు పాత టౌన్‌హాలు ఒకటుంది. నవాబుల కాలంలో ఇటుకా డంగుసున్నంతో కట్టారు. పోలీసు చర్య తరవాత కచేరీ అయింది, ఆపైన రేషన్ గోదాము, చివరికి షూటింగుల పాలయింది. వరండాకు నాలుగే స్తంభాలు. ఫ్రేము నిండడం లేదు, ఆరు కావాలన్నాడో డైరెక్టరు. కొబ్బరిపీచూ ప్లాస్టరూ కలిపి మిగతా రెండూ పోతపోసింది సెబాస్టియనే. బాగున్నాయని హాలు కమిటీవాళ్లు ఉంచేసుకున్నారు. ఆరింటికీ కలిపి సిమెంటు పూసి రంగేయించారు.

ఇరవై ఏళ్లకు ఆ కమిటీవాళ్లే దొంగ స్తంభాలు తీసేయాలన్నారు. ఏవి దొంగవో చెప్పమని కాంట్రాక్టరు సెబాస్టియన్‌నే పిలిపించాడు.

వరండా మీది గదిలోనే వాచ్‌మన్ రాములు కాపురం. అతని భార్య బాలమణి పక్షవాతంతో మంచం దిగలేదు.

"అన్నా, జర మంచిగ చూసి చెప్పు. నలుగుర్ని పిలిచి ఆమెను కిందికి దించాల్నా?" అన్నాడు రాములు.

"ఎందుకయ్యా ఆవిణ్ణి కదిలించి బాధపెట్టడం? నా చేతిపని నాకు తెలీదా?" అన్నాడు సెబాస్టియన్.

ఆరింటినీ వేలితో కొట్టి చూశాడు. సిమెంటు పూత మీద అన్నీ ఒకేలా పలికాయి. తనవి ఏ చోట పోశాడో ఇన్నేళ్లకు గుర్తూ లేదు. తెలియడం లేదని ఒక్క మాట అంటే పోయేది. ఆ మాట ఆ నోటికి పుట్టుకతోనే రాదాయె. అన్నిట్లోకీ అందమైనవి ఏవా అని వెతికాడు. మూడోదీ నాలుగోదీ. పైన చెక్కిన ఆకుల అంచు కూడా చెదరలేదు. ఇంత పనితనం తనది కాక ఇంకెవరిది?

"ఇవే. కోసెయ్యండి," అన్నాడు.

మూడోదానిలోకి కోత మిషను దిగింది. సిమెంటు పొర దాటగానే తెల్లపొడి రాలింది. చూశారా అన్నట్టు నవ్వాడు సెబాస్టియన్. ఆ వెనకే ఎర్రపొడి రాలడం మొదలైంది. ప్లాస్టర్ స్తంభంలో ఇటుక ఎక్కడిది? ఆ తెల్లపొడి పాత డంగుసున్నానిదన్నమాట. ఆపమని అరిచేసరికి సగానికి పైగా తెగిపోయింది. పైన దూలం మూలిగింది. పనివాళ్లు రోడ్డు మీదికి పరుగెత్తారు, రాములు మెట్ల మీదికి పరుగెత్తాడు.

ఆ స్తంభం కట్టిన పాతకాలపు మేస్త్రీ ఎవరో గానీ, తనకన్నా పనివాడని సెబాస్టియన్‌కు అప్పటికి తెలిసింది. ఏడుపొచ్చింది. రెండు చేతులూ స్తంభానికి ఆనించి నిలబడ్డాడు. చేతుల కింద ఇటుక సన్నగా పొడి అవుతోంది.

పైన రాములు తలుపు బాదుతున్న చప్పుడు. కాసేపటికి అదీ ఆగింది.

"అన్నా, దర్వాజ కుంగింది," అన్నాడు రాములు పైనుంచి. "తలుపు తెరుసుకుంటలేదు."