గ్లోమిన్ ఎవరో అడగని క్లాసు

కల్పలత చిలకలగూడలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పద్దెనిమిదేళ్లుగా ఇంగ్లిష్ చెబుతోంది. ఏడో తరగతి రెండో అంతస్తులో ఉంటుంది. కిటికీలు తీస్తే స్టేషన్ మైకు వినిపిస్తుంది, మూస్తే ఉక్కపోస్తుంది. ఏ రైలు ఎంత ఆలస్యమో పిల్లలు పాఠం మధ్యలో గుసగుసగా చెప్పుకుంటుంటారు. ఆమె పట్టించుకోదు.

నవంబరులో ఒక రోజు స్లిప్ టెస్ట్ పేపర్లు దిద్ది పంచుతోంది. పుస్తకంలో లేని పేరా ఒకటిచ్చి కింద ఐదు ప్రశ్నలు అడిగే టెస్టు అది. యోగితకు ఎప్పటిలాగే ఐదుకు ఐదు వచ్చాయి. ఆ పిల్ల వాళ్లది భీమవరం. తండ్రి ఉదయ్ భాస్కర్ మారేడ్‌పల్లిలో కళ్లద్దాల షాపు పెట్టి నాలుగేళ్లయింది. పేపరు అందుకుని బెంచీ దాకా వెళ్లిన యోగిత మళ్లీ వెనక్కి వచ్చింది.

"టీచర్, ఒక డౌటండి. ఫెర్రీ అంటే ఏంటండి?"

కల్పలత ఆశ్చర్యంగా చూసింది. "పేరా మొత్తం ఫెర్రీ గురించే గదా. అన్నీ కరెక్టుగ రాసినవ్."

"రాశానండి. అదేంటో మాత్రం తెలీదండి."

"తెల్వకుండ ఎట్ల రాసినవ్?"

ఇందులో వింతేముందన్నట్టు యోగిత పేపరును టేబుల్ మీద పరిచింది. "ముసలాయన ఫెర్రీని ఎక్కడ కట్టాడని అడిగారు కదండి. పేరాలో టై, ఫెర్రీ అనే మాటలు ఎక్కడున్నాయో చూస్తానండి. ఆ లైను ఎత్తి రాసేస్తాను. వై అని అడిగితే బికాజ్ పక్కనున్నది రాయాలండి. అంతే."

నదిలో జనాన్ని అటూ ఇటూ దాటించే పడవ అని చెప్పి పంపించింది కానీ, ఆ మాటలు కల్పలత మనసులోంచి పోలేదు. ఈ కిటుకు పిల్లకు ఎవరు నేర్పారా అని ఆలోచించింది. సమాధానం దొరకడానికి ఎంతో సేపు పట్టలేదు. 'క్వశ్చన్ల ఉన్న మాటను పేరాల వెతకుండ్రి' అని ప్రతి పరీక్ష ముందూ తనే చెబుతుంది. తను కూడా అలాగే గట్టెక్కింది. మోండా మార్కెట్లో ఉల్లిగడ్డలు అమ్మే వీరయ్య కూతురైన తను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్లో ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో పడింది. అప్పుడు ఆదుకున్నది ఈ కిటుకే. మరి క్లాసులో మిగతా నలభై మంది సంగతేమిటి? తెలుసుకోవాలనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం తెల్లకాగితం ముందేసుకుని కూర్చుంది. భర్త హరికిషన్ తొంగి చూశాడు.

"ఏం రాస్తున్నవ్?"

"దొంగ ఇంగ్లిష్."

నిజంగానే అది దొంగ ఇంగ్లిష్. ద, ఇన్, బికాజ్ లాంటి చిన్న మాటలు మాత్రమే అసలువి. మిగతావన్నీ తను కల్పించినవే. 'ద గ్లోమిన్ నార్ప్‌డ్ నియర్ ద పస్కిల్' అని మొదలవుతుంది పేరా. గ్లోమిన్ ఎక్కడ నార్ప్ చేసింది, అది ఎందుకు డ్రింబీగా ఉంది అంటూ కింద ఐదు ప్రశ్నలు.

సోమవారం ఆ పేపరు ఇచ్చింది. పావుగంటలో అందరూ తిరిగి ఇచ్చేశారు. స్టాఫ్ రూంలో దిద్దితే నలభై ఒక్క మందిలో ముప్పై ఆరు మందికి పూర్తి మార్కులు వచ్చాయి. గ్లోమిన్ అంటే ఏమిటని ఒక్కరు కూడా అడగలేదు.

ఆఖరి పీరియడ్‌లో పేపర్లు పంచి ఆమే అడిగింది. "గ్లోమిన్ అంటే ఏంది?"

కిటికీ పక్కనుండే లక్ష్మణ్ లేచాడు. "చేప, టీచర్."

"ఎట్ల?"

"పస్కిల్ దగ్గర ఉంటది గదా. పస్కిల్ అంటే చెరువు."

"చెరువని ఎవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్పలే. గట్ల అనిపించింది."

ముందు బెంచీలోంచి అనుపమ అందుకుంది. "చేప గాదు టీచర్! దానికి ఫోల్ ఉంది. ఫోల్ జెంకీ అయిందని అది డ్రింబీ అయింది. అంటే కాలు విరిగి ఏడుస్తున్నట్టు. చేపకు కాళ్లుంటయా?"

అక్కడితో క్లాసు రెండుగా చీలింది. ఫోల్ అంటే తోక అని కొందరు, కాదు ఇల్లు అని కొందరు. ఇన్నేళ్లలో ఒక ఇంగ్లిష్ వాక్యం కోసం పిల్లలు ఇలా కొట్లాడుకోవడం కల్పలత చూడలేదు. అసలు సంగతి చెప్పేలోపే గంట కొట్టారు. "రేపు చెప్త," అంది.

మర్నాడు బడి మొదలవకముందే ఉదయ్ భాస్కర్ వచ్చి హెడ్‌మిస్ట్రెస్ ప్రిసిల్లా మేడం ఎదురుగా కూర్చున్నాడు. కల్పలతకు కబురొచ్చింది.

"మా అమ్మాయి ఒకటే గొడవండి, గ్లోమిన్ అంటే ఏంటని," అన్నాడాయన. "ఫోన్లో వెతికాం, పెద్ద డిక్షనరీ చూశాం. షాపుకొచ్చినోళ్లని కూడా అడిగానండి. ఒకాయనైతే ఆఫ్రికాలో ఉండే జంతువన్నాడు. ఇది సిలబస్‌లో ఉందా అండి?"

"అట్లాంటిదేం లేదు సార్. ఆ మాటలు నేనే పుట్టించిన."

"లేదా? మరి మా అమ్మాయికి ఐదు మార్కులెలా వచ్చాయండి?"

"అర్థం తెల్వకుండ సుత మార్కులు వస్తయా అని జూద్దామనుకున్న సార్. అందుకే పెట్టిన."

ప్రిసిల్లా మేడం కల్పలత దగ్గరున్న ఖాళీ పేపరు ఒకటి తనవైపు లాక్కుంది. పెన్సిల్ తీసి గబగబా ఐదు జవాబులూ రాసేసింది. రాసిన దాన్ని మళ్లీ ఒకసారి చదువుకుని, పెన్సిల్ కింద పెట్టింది.

"నాకు సుత ఐదు వచ్చినయి," అంది మెల్లగా. ఆ తర్వాత, "ఇంతకీ అది చేపనా, కాదా?" అని అడిగింది.

ఉదయ్ భాస్కర్ నవ్వలేదు. పరీక్షలు పది రోజుల్లో ఉంటే ఈ ప్రయోగాలేమిటని మర్యాదగానే అడిగి వెళ్లాడు. ఆయన గుమ్మం దాటాక ప్రిసిల్లా మేడం అంది: "మార్కులు తగ్గితే నాకే తక్లీఫ్, కల్పలతా. రోజూ పదిహేను నిమిషాలు తీసుకో. మిగతా టైం ప్రిపరేషనే."

గ్లోమిన్ తను పుట్టించిన మాటేనని ఆ రోజే క్లాసులో చెప్పేసింది కల్పలత. ఆ పదిహేను నిమిషాల్లో ఆమె చేయించింది చిన్న పనే. పేరా చదివాక పుస్తకం మూయాలి. ఏం జరిగిందో తెలుగులోనైనా సరే తమ మాటల్లో చెప్పాలి. ఒక ప్రశ్న అడగాలి. మొదటి రెండు రోజులు ఎవరూ నోరు మెదపలేదు. మూడో రోజు పడవ పేరానే మళ్లీ చదివిస్తే, లక్ష్మణ్ చెయ్యెత్తాడు. "ముసలాయన పొద్దంత పడవల్నే ఉంటే అన్నం ఎప్పుడు తింటడు టీచర్?" పేరాలో ఆ సంగతి లేదు. ఆ రోజు నుంచి ప్రశ్నలు షురూ అయ్యాయి.

పరీక్ష పేపరూ, దాని జవాబుల కీ కూడా బయటి నుంచి వస్తాయి. ఈసారి పేరా సముద్రం ఒడ్డున లైట్‌హౌస్ కాపలాదారు గురించి. తుఫాను రాత్రి అతను ఎందుకు నిద్రపోలేదన్నది ఒక ప్రశ్న. దీపానికి మాటిమాటికీ నూనె పోయాలి కాబట్టి అన్న లైను పేరాలో ఉంది. కీలోనూ అదే ఉంది. యోగిత మాత్రం, ఓడలు వచ్చి రాళ్లకు గుద్దుకుంటాయి కాబట్టి అని తప్పుల తడక ఇంగ్లిష్‌లో రాసింది. కల్పలత జవాబుల కీ చూసి ఆ మార్కు కొట్టేసింది. ఇలాంటివే ఇంకో పది మందికి పోయాయి. క్లాసు సగటు కాస్త తగ్గింది.

పేపరు అందుకున్న యోగిత కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ లైను నీకు కనవడలేదా?" అని అడిగింది కల్పలత.

"కనబడిందండి. కానీ నూనె పొయ్యడానికి కాదు కదండి మేలుకుంది. దీపం ఆరిపోతే ఓడలు గుద్దుకుంటాయని."

కల్పలత ఆ పేరా మళ్లీ చదివింది. ఓడలు రాళ్లకు తగులుతాయన్న మాట అందులో ఎక్కడా లేదు. పిల్ల తనంతట తనే ఊహించింది. తను దిద్దేటప్పుడు పేరా వైపు చూడనే లేదని, కీలో ఉన్న మాట కోసం మాత్రమే వెతికానని కల్పలతకు అప్పుడు తెలిసింది. ఎర్రపెన్ను తీసుకుని ఆ మార్కు వేసింది. మిగతా పది మంది పేపర్లూ వెనక్కి అడిగి, ఈసారి ఒక్కొక్కటీ చదివి దిద్దింది. అందులో ఏడుగురి జవాబులు సరైనవే.

ప్రిసిల్లా మేడం ఆ మార్పులన్నిటి కింద సంతకం చేసింది. ఉదయ్ భాస్కర్ మాత్రం ఇప్పటికీ మీటింగుకు వచ్చినప్పుడల్లా ఆ పదిహేను నిమిషాల గురించి అడుగుతూనే ఉంటాడు.

డిసెంబరులో ఒక పొద్దున అనుపమ లేచి, "ఆడ రాళ్లుంటయని ఓడలోళ్లకు తెలుసు గదా టీచర్, మరి ఆ దిక్కు ఎందుకొస్తయి?" అంది.

"నాకు తెల్వదు," అంది కల్పలత. "జూసి చెప్త. మీరు సుత జూడుండ్రి."